వెన్నెల, వీధిదీపం, ఉమ్మెత్త పువ్వు

పిల్లలూ! వినాయక చవితికి పూజించే 21 పత్రాల్లో ఉమ్మెత్త ఆకు ఒకటని మీకు తెలుసా? పూజలో దాన్ని దత్తూర పత్రం అంటారు. ఈ ఉమ్మెత్తకు అమెరికాలోనూ చుట్టాలున్నాయి.

అందులో ఒకటి జిమ్సన్ వీడ్. 1676లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో ఇంగ్లీషు సైనికులు దాని లేత ఆకులు వండుకుని తిని, 11 రోజులు మతి లేకుండా తిరిగారని 1705 నాటి ఒక చరిత్ర పుస్తకంలో ఉంది. ఆ ఊరి పేరే మొక్కకు వచ్చింది. ఉమ్మెత్త ఆకు, గింజ, వేరు అన్నీ విషమే. వాటిలోని అట్రోపిన్, స్కోపలమిన్ వల్ల నోరెండుతుంది, గుండె దడదడలాడుతుంది, లేనివి కనిపిస్తాయి. యూరప్‌లో మంత్రగత్తెలు ఒంటికి పూసుకుని గాల్లో ఎగిరేవారని చెప్పుకునే లేపనాల్లోనూ ఇవే విషాలున్న బెల్లడోనా వంటి మొక్కల పేర్లు వినిపిస్తాయి. ఎగిరింది మనిషి కాదు, మతి! అందులో మంత్రమేమీ లేదు.

మరి అసలు వింత ఎక్కడుంది? రాత్రిపూట ఆ పువ్వు దగ్గర ఉంది. అరిజోనా ఎడారిలో పెరిగే ఉమ్మెత్తను మూన్‌ఫ్లవర్ అని కూడా అంటారు. గరాటులాంటి ఆ తెల్లపువ్వు చీకటి పడేవేళ విచ్చుకుంటుంది. దాని వాసన పట్టుకుని హాక్ మాత్ అనే పెద్ద రెక్కల పురుగు వచ్చి, తేనె తాగి, పుప్పొడి మోస్తుంది. దాని పిల్లపురుగులు ఆ విషపు ఆకులే తిని హాయిగా పెరుగుతాయి!

ఇలాంటి జీవులకు వెన్నెల వెలుగు చాలు. నిండు పున్నమి వెలుగు సుమారు 0.25 లక్స్. వీధిదీపం కింద దాదాపు 10 లక్స్, అంటే 40 రెట్లు. పైగా వీధిదీపానికి అమావాస్య లేదు. స్విట్జర్లాండ్‌లో చీకటి పచ్చిక బయళ్ళలో దీపాలు పెట్టి చూస్తే, రాత్రి పువ్వుల మీద వాలే పురుగుల రాకపోకలు 62 శాతం తగ్గాయని 2017లో తేలింది. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ నగరం 1958లోనే రాత్రి వెలుగులపై చట్టం చేసింది. 2001లో ప్రపంచంలోనే మొదటి డార్క్ స్కై నగరంగా గుర్తింపు పొందింది.

మనమూ రెండు పనులు చేద్దాం. పత్రి కోసమైనా సరే, పిల్లలు ఉమ్మెత్తను కోయవద్దు, పెద్దవాళ్ళు కోస్తే చేతులు కడుక్కోవాలి. పొరపాటున ఎవరైనా తింటే వెంటనే అమెరికా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కి ఫోన్ చేయండి. మనిషి స్పృహ తప్పితే 911కి చేయండి. ఇక రెండోది, పడుకునే ముందు వరండా లైటు ఆర్పేయండి. పున్నమి రోజైతే పిల్లల్ని కాసేపు పెరట్లో కూర్చోబెట్టండి.