చిక్కుడు పాదుకు రాత్రి పొడవు తెలుసు

తొలకరికి నాటిన చిక్కుడు గింజ ఆగస్టు నాటికి పందిరంతా అల్లుకుంటుంది. ఆకులు నిగనిగలాడుతుంటాయి గానీ పూత ఉండదు. బలం చాలలేదేమోనని కొందరు యూరియా వేస్తారు. గొడ్డు పాదని కొందరు పీకేస్తారు. నిజానికి చాలా పాదుల్లో లోపమేమీ ఉండదు. అవి రాత్రులు పొడవయ్యే కాలం కోసం ఎదురుచూస్తుంటాయి.

సూరత్‌లో ఉధ్నా నుంచి సచిన్ వెళ్లే దారిలోని ఉన్ వంటి ఇరుకైన బస్తీల్లో పెరడంటే మేడ మీది నాలుగు కుండీలే. ఏ మొక్కను ఎప్పుడు నాటాలో తెలియకపోతే ఒక కుండీ నెలల తరబడి వృథా అవుతుంది. మరమగ్గాల పనికి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, వారి గుజరాతీ ఇరుగుపొరుగుకూ చిక్కుడు ఉమ్మడి పంట. ఉత్తరాయణం నాడు ఊంధియులో వేసే సూరతీ పాప్డి, మనం రథసప్తమికి రథం కట్టే చిక్కుడు ఒకే జాతి. రెండు పండుగలూ చలికాలపు కాపు సమయంలోనే వస్తాయి.

మొక్క కాలాన్ని ఎలా గుర్తిస్తుంది?

సూరత్‌లో జూన్ 21న పగలు దాదాపు 13 గంటల 25 నిమిషాలు. డిసెంబరు 21న దాదాపు 10 గంటల 50 నిమిషాలే. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ తేడాను పసిగడుతుంది. పగటి పొడవుకూ పూతకూ సంబంధం ఉందని 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కలతో చూపారు. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి మొక్కపై పరిశోధించి, అసలు లెక్క రాత్రిదేనని తేల్చారు. సుదీర్ఘమైన చీకటి మధ్యలో కాసేపు వెలుతురు పడితే చాలు, ఆ మొక్క పూయలేదు. నాటు చిక్కుడు రకాల్లో చాలావరకు ఇలా పొడవైన రాత్రులకు పూసేవే.

కుండీలో చిక్కుడు వేసేవారికి

మొదట రకం చూసుకోవాలి. నాటు తీగ రకమైతే శీతాకాలపు కాపునే ఆశించాలి. వేరే కాలంలోనూ కాయలు కావాలంటే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా జయ్, అర్కా విజయ్ వంటి పొద రకాలు మేలు. వాటి పూత పగటి పొడవుపై ఆధారపడదు. పందిరి అవసరమూ లేదు.

రెండోది, సమయం. నాటు రకాన్ని ఎంత ముందు నాటినా పూత దాని కాలానికే వస్తుంది. ఈలోపు తీగ మాత్రం విపరీతంగా పెరుగుతుంది. చోటు తక్కువైతే ఆగస్టులో నాటడం నయం. తీగ చిన్నగా ఉంటుంది, నీళ్లూ తక్కువ పడతాయి.

మూడోది, చోటు. పగలు ఆరు గంటలైనా ఎండ తగలాలి. రాత్రంతా వీధి దీపం వెలుగు పడే మూల కన్నా చీకటిగా ఉండే చోటు మంచిది.

చివరగా, యూరియాతో తొందరపడకండి. చిక్కుడు వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పైనుంచి వేసే నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. పశువుల ఎరువు కలిపిన మట్టి, నీరు నిలవని కుండీ చాలు. ఆగస్టులో పూత లేదని పాదును పీకేయకండి. రాత్రులు పొడవయ్యేదాకా దాన్ని ఉండనివ్వండి.