జీను పట్టీ ఎంత బిగించాలి?

ఏలూరు, తాడేపల్లిగూడెం రైలు స్టేషన్ల ముందు ఒకప్పుడు జట్కాలు బారులు తీరి ఉండేవి. జనం ఎక్కగానే బండి తోలేవాడు ఏమనేవాడో మీ తాతయ్యగారిని అడగండి. "ముందుకు జరగండి బాబూ, ముందుకు!"

ఎందుకంటారు? జట్కాకు ఉన్నవి రెండే చక్రాలు. ఇరుసు ఆనికగా బండి మొత్తం ఒక తులాదండం అన్నమాట. వెనక బరువు ఎక్కువైతే, గుర్రానికి అటూ ఇటూ ఉన్న పొడుగాటి కర్రలు పైకి లేస్తాయి. వాటిని లేవకుండా పట్టి ఉంచేది గుర్రం పొట్ట కిందుగా పోయే తోలు పట్టీయే. అది తెగిందో, గుర్రం రోడ్డు మీద నిలబడే ఉంటుంది, మీరు మాత్రం వెల్లకిలా పడతారు!

స్వారీ గుర్రానికీ ఇలాంటి పట్టీయే ప్రాణాధారం. గుర్రం వీపు పీపాలా గుండ్రంగా ఉంటుంది. దాని మీద జీను దొర్లకుండా ఆపేది ఘర్షణ. ఆ ఘర్షణ పుట్టాలంటే జీను వీపుకు గట్టిగా ఒత్తుకోవాలి. పట్టీ వదులైతే జీను పక్కకు జారి పొట్ట కిందికి పోతుంది. రౌతు పాదం రికాబులో ఇరుక్కుందంటే, బెదిరిన గుర్రం అతన్ని ఈడ్చుకుపోతుంది. ఇందులో ప్రాణాలు పోయినవారున్నారు.

అలాగని ఊపిరాడకుండా బిగిస్తే? రెండు సెంటీమీటర్ల తాడుకు బదులు పది సెంటీమీటర్ల పట్టీ వాడితే అదే బలం ఐదు రెట్ల వైశాల్యం మీద పరుచుకుంటుంది, పీడనం ఐదోవంతవుతుంది. అందుకే పట్టీ వెడల్పుగా ఉండాలి. సన్నని తాడు చర్మాన్ని కోసి పుండు చేస్తుంది.

అమెరికాలో పశువుల కాపరులు వాడే జీను చూడండి. దాని ముందు భాగంలో ఒక కొమ్ము ఉంటుంది. పశువు మెడకు తాడు విసిరి, రెండో కొసను ఆ కొమ్ముకు చుడతారు. పశువు లాగినప్పుడు జీను వెనక భాగం పైకి లేస్తుంది. మన జట్కా కథే కదూ! దాన్ని ఆపడానికి చాలా జీనులకు వెనక ఇంకో పట్టీ ఉంటుంది.

బిగించే ముందు గుర్రం ఒళ్ళు తోమాలి. కొల్లేటి పక్క ఊళ్ళలో బురదకు, పల్లేరుకాయలకు కొదవా? పట్టీ కింద ఒక్క ముల్లున్నా గుర్రం గంతులేస్తుంది. జీను కింద ఉన్ని గుడ్డ వేయాలి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకొని కూడా తడిగా అనిపించదు. ఏలూరు తివాచీలకు వాడేదీ ఉన్నే సుమా!

పట్టీ ముందుకాలి వెనక సుమారు నాలుగు వేళ్ళ దూరంలో రావాలి. జీనుకు వేలాడే తోలు వారును పట్టీ చివరి వలయంలోంచి కిందికి, మళ్ళీ జీను వలయంలోంచి పైకి, ఇలా రెండుసార్లు పోనిస్తారు. ఇప్పుడు రెండు వలయాల మధ్య నాలుగు పేటలున్నాయి. కప్పీల లెక్క ప్రకారం మీ లాగుడు నాలుగు రెట్లు కావాలి. తోలుకూ ఇనుముకూ మధ్య ఘర్షణ అందులో చాలా భాగం తినేస్తుంది. అయితే, బకిలు పెట్టేలోపు వారు వెనక్కి జారకుండా చూసేదీ ఆ ఘర్షణే.

ఒక్కసారిగా లాగకండి. చాలా గుర్రాలు బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టి ఛాతీ కండరాలను బిగిస్తాయి. మోకాలితో పొట్టలో పొడిచి ఊపిరి వదిలించే మోటు పద్ధతి ఒకటుంది. అది క్రూరం, అనవసరం కూడా. కొద్దిగా బిగించి, నాలుగడుగులు నడిపించండి. ఊపిరి వదులుతుంది, ఉన్ని అణుగుతుంది. అప్పుడు మరికొంత బిగించండి. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్ళు బల్లపరుపుగా దూరాలి. ఎక్కేముందు ఒకసారి, పది నిమిషాలు తిరిగాక మరోసారి చూడాలి.

రెండు పట్టీలుంటే ముందుది మొదట బిగించాలి. విప్పేటప్పుడు వెనకది మొదట విప్పాలి. లేకపోతే జీను వెనక పట్టీకే వేలాడుతూ డొక్కల్లోకి జారుతుంది. గుర్రానికి అక్కడ మహా కితకిత. అది ఎగిరి తన్నేచోట మీరుంటారు!

వానాకాలంలో ఇంకో చిక్కుంది. తడిసిన నూలుతాడు ఉబ్బి పొట్టిదవుతుంది, తడిసిన తోలు సాగుతుంది. ఎండాక అదే తోలు గట్టిపడి పెళుసెక్కుతుంది. వారును వంచి చూడండి. పగుళ్ళు ముందుగా కనిపించేది బకిలు చిల్లుల దగ్గరే.