పౌర సంబంధాలు: చరిత్ర, నమూనాలు, నీతి

పౌర సంబంధాలు అనగానే మనకు పోస్టర్లు, పత్రికా ప్రకటనలు గుర్తుకు వస్తాయి. అవి ఈ పనిలో ఒక భాగం మాత్రమే. ఒక సంస్థకూ, దానితో పని ఉన్న ప్రజలకూ మధ్య నమ్మకం ఏర్పరచి నిలపడాన్ని పౌర సంబంధాలు అంటారు. ఈ పాఠంలో మన ఉదాహరణలు ఎక్కువగా రైల్వే నుంచే వస్తాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ మీకు తెలిసే ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పనికోసం వెళ్ళి స్థిరపడిన పట్టణం అది.

చరిత్ర

1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు వంతెన మీద నుంచి నీటిలో పడింది. యాభై మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే విలేకరులను దగ్గరికి రానీయకపోవడం అప్పటి కంపెనీల అలవాటు. కంపెనీ సలహాదారు ఐవీ లీ అందుకు భిన్నంగా వారిని ప్రమాద స్థలానికి రప్పించి, జరిగినది రాసి ఇచ్చాడు. దానినే తొలి పత్రికా ప్రకటన అని చాలామంది చెబుతారు.

ఇదే లీ 1914లో కొలరాడో బొగ్గుగనుల సమ్మె సమయంలో యజమానుల పక్షాన కరపత్రాలు వెలువరించాడు. వాటిలో కార్మిక నాయకుల జీతభత్యాలను ఎన్నో రెట్లు పెంచి చూపిన అంకెలు ఉన్నాయి. యజమానులు ఇచ్చిన సమాచారాన్ని తాను సరిచూడలేదని ఆ తరువాత విచారణలో ఒప్పుకున్నాడు. మన పుస్తకాలు 1906 సంగతి వివరంగా చెప్పి 1914ను ఒక వాక్యంతో దాటేస్తాయి. రెండూ కలిపి చదవాలి.

మన దేశంలో 1920లలో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే సంచార సినిమాలతో, జాతరలలో ప్రదర్శనలతో ప్రయాణికులను ఆకర్షించింది. 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1968లో అది వృత్తి నీతి నియమావళిని స్వీకరించింది.

నమూనాలు

జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ 1984లో నాలుగు నమూనాలను వివరించారు. ఆర్భాటంగా ప్రచారం చేయడం మొదటిది. ఉన్న సమాచారాన్ని అందించడం రెండవది. ఈ రెండింటిలోనూ మాట ఒకవైపు నుంచే సాగుతుంది. మూడవ దానిలో సంస్థ ప్రజల అభిప్రాయం సేకరిస్తుంది, కాని తాను మారడానికి కాదు, వారిని ఒప్పించడానికి. నాలుగవ దానిలో విన్నదాన్ని బట్టి సంస్థ కూడా మారుతుంది.

ఈ తేడా ఖరగ్‌పూర్ చరిత్రలో చూడవచ్చు. 1927లో అక్కడి వర్క్‌షాపులో పెద్దఎత్తున కార్మికుల తొలగింపుకు కంపెనీ పూనుకున్నప్పుడు పని నెలల తరబడి స్తంభించింది. 1969లో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి అప్పుడు కార్మికుల పక్షాన నిలిచారు. నిర్ణయం అయిపోయిన తరువాత ఇచ్చే నోటీసు ఎంత స్పష్టంగా ఉన్నా అది రెండవ నమూనాయే. నిర్ణయానికి ముందు కార్మికులతో కూర్చుని మాట్లాడి, అవసరమైతే దాన్ని మార్చుకుంటేనే అది నాలుగవది.

నీతి

2023 జూన్ 2 సాయంత్రం ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాహానగా బజార్ స్టేషను దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి వెళ్ళి, అక్కడ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. అది విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్ళే బండి. ఖరగ్‌పూర్‌తో సహా పలు స్టేషన్లలో సహాయ కేంద్రాల ఫోన్ నంబర్లు ప్రకటించారు.

మృతుల సంఖ్య 288 అని మొదట చెప్పారు. కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించారంటూ జూన్ 4న దాన్ని 275కు తగ్గించారు. కొద్ది రోజుల్లో అది మళ్ళీ 288కి చేరి, తరువాత 290 దాటింది. అంకె మారడం దానంతట అదే తప్పు కాదు. ఎందుకు మారిందో చెప్పకపోతే తప్పు. ఇక్కడ కారణం చెప్పారు కాబట్టి సవరణను అర్థం చేసుకోవడానికి వీలైంది. ఈలోగా సామాజిక మాధ్యమాలలో ప్రమాదానికి మతం రంగు పూయబోయిన వదంతులను ఒడిశా పోలీసులు బహిరంగంగా ఖండించారు.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. గుర్తుపట్టడానికి వీలుగా మృతుల ఫోటోలను ప్రభుత్వం ఇంటర్నెట్‌లో ఉంచింది, పిల్లలు చూడరాదన్న హెచ్చరికతో. దూరాన ఉన్న తల్లిదండ్రులకు అది అవసరం. కాని ఆ ఫోటోలు ఎవరైనా చూడవచ్చు. నా అభిప్రాయంలో ఆ హెచ్చరిక అవసరమే అయినా చాలదు. చూసేది బంధువులే అయ్యేలా మరికొంత కట్టుదిట్టం కావాలి. ఎవరూ తీసుకుపోని 28 మృతదేహాలకు అదే ఏడాది అక్టోబరులో భువనేశ్వర్‌లో అంత్యక్రియలు జరిపారు.

మీరే చేయండి

ఆ రాత్రి ఖరగ్‌పూర్ సహాయ కేంద్రంలో మీరు ఉన్నారనుకోండి. రాజమండ్రి నుంచి ఒక తల్లి ఫోన్ చేసి, కొడుకు పేరు, బోగీ నంబరు చెప్పింది. మీ దగ్గర ఉన్న జాబితాలో ఆ పేరు లేదు. ఆ జాబితా ఇంకా పూర్తి కాలేదు. ఆమెకు ఏమి చెబుతారో అయిదు వాక్యాలలో రాయండి. మీరు రాసిన వాటిలో సరిచూసుకున్న విషయం ఏ వాక్యంలో ఉందో, ఊరడింపు ఏ వాక్యంలో ఉందో వేరువేరుగా గీత గీసి చూపండి.