మంచుపై జారుటకు ముందు

హిమాలయపు మంచువాలులపై స్కీయింగు నేర్చుకొనవలెనను కోరిక నేడు మైదానప్రాంతముల యువతీయువకులలోను కనిపించుచున్నది. కాశ్మీరములోని గుల్‌మార్గు, ఉత్తరాఖండములోని ఔలీ ఇందుకు పేరుపొందిన తావులు. పోదలచినవారు సెలవు, ప్రయాణపు టిక్కెట్లు, ఉన్నిదుస్తులు, నల్లని కంటద్దములు మొదలైనవన్నియు ముందే సమకూర్చుకొందురు. కాని వాలుమీద తమ్ము నిలబెట్టవలసిన కాళ్లను సిద్ధపరచుకొనుట మాత్రము తరచు మరచుచుందురు. ఆ మరపునకు చెల్లింపవలసిన మూల్యము ఒక్కొక్కప్పుడు మిక్కిలి హెచ్చు. మోకాటిలోని ఒక ముఖ్యబంధనము తెగినచో, శస్త్రచికిత్స చేయించుకొని మరల ఆటలాడుటకు తొమ్మిది నెలలో, అంతకు మించియో పట్టవచ్చును. వారము దినముల వినోదమునకు పోయి సంవత్సరకాలము బాధపడుటకంటె, ఆరు వారములు ముందుగా కొంత శ్రమించుట మేలు కదా!

2022లో బీజింగు శీతకాలపు ఒలింపిక్సులో భారతదేశము తరఫున పాల్గొన్న ఆరిఫ్ ఖాన్ కాశ్మీరమువాడు. చిన్ననాటినుండియు గుల్‌మార్గు వాలులపై పెరిగినవాడు. అట్టివారికి మంచు వీధియరుగు వంటిది. ఇరువదియైదేండ్లో ముప్పదియేండ్లో వచ్చినపిదప, కుర్చీలో కూర్చుండి ఉద్యోగము చేయుచు, మొదటిసారి మంచు త్రొక్కువాని సంగతి వేరు. అతనికి సాధన ఇంటియొద్దనే మొదలుకావలెను.

ఇంతకును వాలుపై దేహము చేయు పని యెట్టిది? చూచువారికి స్కీలు వాటియంతట అవియే జారుచున్నట్లును, మనిషి వాటిపై ఊరక నిలిచియున్నట్లును తోచును. నిజమట్లు కాదు. అతడు మోకాళ్లను, తుంటిని వంచి, సగము కూర్చున్న భంగిమలో, ప్రతి మలుపునందును తన బరువును వేగమును తొడకండరములతో అదిమిపట్టుచుండును. ఇట్టి పనిలో కండరము ముడుచుకొనుచు గాక, సాగుచు బరువు మోయవలసియుండును. తిరుమల కొండను కాలినడకన ఎక్కి, కాలినడకననే దిగినవారికి ఈ భేదము అనుభవములోనిదే. ఎక్కునపుడు రొప్పు వచ్చును. దిగునపుడు రొప్పు అంతగా నుండదు గాని తొడలు వణకును. మరునాడు ఇంటిమెట్టు దిగుటయే గగనమగును. స్కీయింగు ఈ దిగుడువంటి పని. ఎక్కుటలో సంపాదించిన బలమొక్కటే దీనికి చాలదు. దిగుటను కూడ అభ్యసింపవలెను. సంతోషింపదగిన విషయమేమనగా, కండరము ఇట్టి శ్రమకు త్వరగా అలవడును. కొలదికొలదిగా కొన్ని మారులు అలవాటు చేసినచో నొప్పి చాలవరకు తగ్గిపోవును.

ఇక మోకాటి సంగతి. పూర్వము స్కీయింగు చేయువారు తోలుబూట్లు తొడిగెడివారు. పడినపుడు చీలమండయో, ముంగాలి ఎముకయో విరిగెడిది. తరువాత పిక్కలవరకు వచ్చు గట్టి ప్లాస్టిక్ బూట్లును, పడినపుడు స్కీని వదలివేయు బిగింపులును వచ్చినవి. ఎముకలు విరుగుట తగ్గినది; కాని గాయములలో మోకాటి గాయమే ముందువరుసకు వచ్చినది. స్కీ పొడవైన మీటవంటిది. మనిషి వెనుకకు కూలబడి, పిరుదులు మోకాళ్లకంటె దిగువకు పోయి, బరువంతయు ఒక స్కీ వెనుకకొనపై పడినచో, ఆ మీట మోకాటిని లోపలికి మెలిపెట్టును. తొడయెముకను ముంగాలియెముకను పట్టియుంచు బంధనము అపుడు తెగవచ్చును. బిగింపు వదలకయే ఇది జరిగిపోవచ్చును. స్త్రీలకు ఈ గాయము పురుషులకంటె హెచ్చుగా కలుగుచున్నది గావున వారు మరింత శ్రద్ధ వహింపవలెను.

ఈ ప్రమాదమును తెలివితో కొంత తప్పింపవచ్చును. అమెరికాలో కార్ల్ ఎట్లింగర్, ఆయన సహచరులు 1995లో ఒక అధ్యయనమును ప్రకటించిరి. మంచువాలులపై కాపలాతిరుగు సిబ్బందికి ఇట్టి పతనముల చిత్రములు చూపి, అవి యెట్లు సంభవించునో బోధింపగా, వారిలో తీవ్రమైన మోకాటి గాయములు 62 శాతము తగ్గినవని తేలినది. ఆ బోధ సారాంశము సులభమైనది: చేతులను ముందుకు చాచియుంచుము, వెనుకకు కూలబడవలదు, పడుచున్నపుడు కాళ్లను బిగబట్టి చాపవలదు, జారుట పూర్తిగా ఆగువరకు లేవ ప్రయత్నింపవలదు.

తెలివితోపాటు బలమును కావలెను గదా! అందులకు ఖరీదైన పరికరము లక్కరలేదు. బడిలో పాఠము అప్పగింపని పిల్లవానికి పంతులుగారు వేయించు గోడకుర్చీ దీనికి మేలైన వ్యాయామము. వీపును గోడకానించి, మోకాళ్లు వంచి, కుర్చీలో కూర్చున్నట్లు నిలువవలెను. మొదట ఇరువది సెకండ్లు, మూడు మారులు. వారములు గడచినకొలది ఒకటిన్నర నిమిషమువరకు పెంచవచ్చును. తరువాత గుంజీలు, బస్కీలు. వీటిని మెల్లగా, మూడు నాలుగు లెక్కించుచు క్రిందికి దిగుచు చేయవలెను. మోకాళ్లు ఒకదానివైపొకటి వాలరాదు. కాలివ్రేళ్ల దిశగానే వంగవలెను. అద్దము ముందు నిలిచి చేసినచో తప్పు తెలియును.

తొడ ముందుభాగమును మాత్రమే బలపరచుట చాలదు. ముందుకండరము ముంగాలియెముకను ముందుకు లాగును. వెనుకకండరము దానిని వెనుకకు పట్టి బంధనమునకు తోడ్పడును. కావున వెల్లకిల పండుకొని, మోకాళ్లు వంచి, పిరుదులను పైకెత్తి నిలుపు సేతుబంధాసనమును కూడ చేయవలెను. తూకమునకు వృక్షాసనము మంచిది. ఒంటికాలిపై అర నిమిషము కదలక నిలువగలిగిన పిదప కన్నులు మూసి ప్రయత్నింపుడు, కాని చేతికందునట్లు గోడయుండవలెను. మేడమెట్లు నిదానముగా దిగుట ప్రత్యేకముగా అభ్యసింపుడు. కడపటి రెండు వారములలో చిన్నగెంతులు వేసి, చప్పుడు కాకుండ మోకాళ్లు వంచి దిగుటను నేర్చుకొనవలెను.

ఈ వ్యాయామములు వారమునకు మూడు దినములు చాలును. తక్కిన దినములలో ముప్పది, నలువది నిమిషములు వడిగా నడచుటయో, సైకిలు త్రొక్కుటయో చేయవలెను. గుల్‌మార్గు సుమారు 2,650 మీటర్ల ఎత్తున నున్నది. అచటి వాయుపీడనము సముద్రతీరమందలి దానిలో మూడు పాళ్లకంటె కొంచెము తక్కువ. ఆ పలుచని గాలిలో సామాన్యశ్రమకే ఆయాసము కలుగును. అందువలన చేరిన మొదటిదినము విశ్రమించుట మేలు. గుండెజబ్బు, రక్తపుపోటు, పాత మోకాటి గాయము గలవారు ముందుగా వైద్యుని సలహా తీసికొనవలెను.

స్నోబోర్డింగులో రెండు పాదములును ఒకే పలకకు బిగింపబడియుండును. కొత్తవారు ముందుకో వెనుకకో పడి, సహజముగా అరచేతులు నేలకానింతురు. మణికట్టు విరుగుట అందుచేతనే అధికము. మణికట్టు తొడుగులు ధరించి, పిడికిలి మూసి, ముంజేతిపై బరువు మోపుచు దొర్లుటను మెత్తని పరుపుపై ముందే అభ్యసింపవలెను. స్కీయింగు చేయువారికి మరియొక అపాయము చేతికఱ్ఱవలన కలుగును. దానిని విడువక పడినచో బొటనవ్రేలి మొదటనున్న బంధనము తెగును. తలకు శిరస్త్రాణము ఇరువురికిని ఆవశ్యకము. స్కీ బిగింపులను మీ బరువు, ఎత్తు, వయస్సు, నేర్పులకు తగినట్లు తెలిసినవానిచేతనే సరిచేయించుకొనుడు. బరువు తగ్గించి చెప్పుటయు, నేర్పు పెంచి చెప్పుటయు మీకే కీడు.

కడపట ఒక్కమాట. వాలుపై దిగుటకు ముందు పది నిమిషములు నడచి దేహమును వేడి చేసికొనవలెను. దాహము తోచకున్నను నీరు త్రాగుచుండవలెను. అలసిన కండరము మోకాటిని సకాలమున కాపాడజాలదు. మధ్యాహ్నము దాటి, తొడలు వణకుచుండగా, "ఇంకొక్కసారి దిగి వత్తము" అని స్నేహితులు పిలిచినపుడు, రేపు దిగెదనని చెప్పుటకు సిగ్గుపడవలదు. మంచు రేపును ఉండును. మోకాలు బాగుగానున్న యెడల మీరును రేపు అచటనే ఉందురు. చిన్ననాడు శిక్షగా వేసిన గోడకుర్చీని ఆరు వారములు మనస్ఫూర్తిగా వేసినవారు ఆ వాలుపైనుండి నవ్వుచు దిగివచ్చుటకు ఎక్కువ అవకాశము కలదు.