వాన చప్పుడుకి గుండె దడ

2024 సెప్టెంబరు 1. ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్‌ని బుడమేరు నీళ్లు ముంచేశాయి. వీధుల్లో పడవలు తిరిగాయి. జనం డాబాల మీద రోజుల తరబడి ఉండిపోయారు. బియ్యం, బట్టలు, మంచాలు అన్నీ నానిపోయాయి.

నీళ్లు పోయాయి. బురద కడుక్కున్నారు. కానీ భయం అంత తొందరగా పోదు. మళ్లీ మబ్బు పడితే చాలు, కొందరికి గుండె దడదడలాడుతుంది. చేతులు వణుకుతాయి. రాత్రి నిద్ర పట్టదు. "ఎందుకే అంత పిరికితనం?" అంటారు ఇంట్లోవాళ్లు.

ఇది పిరికితనం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేల మంది చనిపోయారు. ఆ రాత్రి మాట అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద దెబ్బ తిన్న మనసు అంత తేలిగ్గా మరచిపోదు.

ఎందుకిలా అవుతుంది?

గట్టు మీద పాము కనబడిందనుకోండి. ఆలోచించే లోపే కాలు వెనక్కి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. ఒళ్లు బిగుసుకుంటుంది. మనల్ని కాపాడటానికే ఒళ్లు ఇలా చేస్తుంది. పాము పోయాక సర్దుకుంటుంది. కానీ వరద చూసిన మనసుకి వాన చప్పుడే పాములా తోస్తుంది.

గుండెని మెల్లగా కొట్టుకోమంటే వినదు. ఊపిరి మాత్రం మన మాట వింటుంది. ఊపిరి నిదానిస్తే గుండె కూడా నిదానిస్తుంది.

ఏం చేయాలి?

1. గోడకి ఆనుకుని కూర్చోండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి.

2. ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. నాలుగు లెక్కపెట్టండి. పొట్ట పైకి రావాలి.

3. వేడి టీ మీద ఊదినట్టు మెల్లగా వదలండి. ఆరు లెక్కపెట్టండి.

4. ఇలా ఐదు నిమిషాలు చేయండి. కళ్లు తిరిగితే ఆపేయండి.

5. తర్వాత పిడికిళ్లు బిగించండి. ఐదు లెక్కపెట్టి వదిలేయండి. భుజాలు, పాదాలు కూడా అలాగే బిగించి వదలండి.

పొద్దంతా ఒంగి నాట్లు వేసినవాళ్లకి మళ్లీ కసరత్తా? కాదు. ఇది ఒంటికి విశ్రాంతి. రోజూ చేయాలి. నీళ్లలో పడ్డాక ఈత నేర్చుకోలేం కదా!

ఇది చాలకపోతే?

ఇది తోడు మాత్రమే. డాక్టరు ఇచ్చిన మందులు మానవద్దు. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే డాక్టరుకి చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు. ఇంట్లో ఎవరికైనా చెప్పండి. 14416కి ఫోను చేయండి. ఇది టెలి మానస్. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ నంబరు పైకి చదవండి. ఇంటి గోడ మీద రాసి పెట్టండి. పక్కింటి ఆమెకి కూడా చదివి చెప్పండి.