నారోబోట్‌లో కాపురం: నీళ్లు, కరెంటు, గ్యాసు, టాయిలెట్... అన్నీ లెక్కే

ఇంగ్లండ్ కాలువల మీద నేను పెట్టిన చిన్న రీల్‌కి మెసేజ్‌లు బాగానే వచ్చాయి. అందులో ఎక్కువ మంది అడిగింది ఒకటే. "అన్నా, లండన్‌లో రూమ్ రెంట్‌కే జీతం అయిపోతోంది. ఒక నారోబోట్ కొనుక్కుని అందులోనే ఉంటే డబ్బులు మిగులుతాయా?"

మిగలొచ్చు. కానీ ఆ మిగిలేది ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. ఫ్లాట్‌లో మనకి తెలియకుండా ఎవరో చేసిపెట్టే పనులన్నీ బోట్‌లో మనమే చేసుకుంటాం. ఆ పనికి మనకి మనమే జీతం ఇచ్చుకోం కాబట్టి చీప్‌గా కనిపిస్తుంది. పోయిన జనవరిలో మూడు వారాలు మా బీటెక్ బ్యాచ్‌మేట్ బోట్‌లో ఉన్నాను. లండన్‌కి వాయవ్యంగా గ్రాండ్ యూనియన్ కాలువ మీద, బెర్కమ్‌స్టెడ్, హెమెల్ హెంప్‌స్టెడ్ ఊళ్ల మధ్య. వాడు అన్న మాట ఇది: "మామా, ఈ ఇంటికి మున్సిపాలిటీ నేనే, కరెంటు ఆఫీసు నేనే, వాచ్‌మన్ నేనే." ఈ ఎపిసోడ్ మొత్తం ఆ మాటకి వివరణే అనుకోండి.

ముందు బోట్ గురించి రెండు ముక్కలు. నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. అంటే మన ట్రైన్ బోగీ కంటే బాగా సన్నం. ఎందుకంత సన్నం అంటే, 1766లో మొదలైన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకి ఇంజినీర్ జేమ్స్ బ్రిండ్లీ సుమారు 7 అడుగుల వెడల్పుతో లాకులు పెట్టాడు. లాకులంటే మన గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు, ధవళేశ్వరంలో చూసే ఉంటారు. నీటి మట్టం మారే చోట పడవని గదిలో పెట్టి, నీళ్లు నింపో వదిలో పైకీ కిందకీ పంపే ఏర్పాటు. ఆ సన్నటి లాకులోకి పట్టాలి కాబట్టి బోట్ సన్నబడింది. గ్రాండ్ యూనియన్‌లో లాకులు 14 అడుగులు, అక్కడ రెండు బోట్లు పక్కపక్కన పడతాయి. పొడవు 72 అడుగుల దాకా ఉండొచ్చు. కానీ ఉత్తరాన కొన్ని లాకులు పొట్టివి, అందుకే 57 అడుగుల బోట్‌కి గిరాకీ ఎక్కువ, దాదాపు ఎక్కడికైనా వెళ్తుంది. ఒకప్పుడు వీటి నిండా బొగ్గూ సరుకూ వేసుకుని, వెనకాల పది అడుగుల గదిలో కుటుంబమంతా బతికేది. సరదాగా ఉండేవాళ్లు తర్వాత వచ్చారు.

ఇప్పుడు నీళ్లు. బోట్ ముందు భాగంలో ట్యాంకు ఉంటుంది, సైజుని బట్టి 300 నుంచి 600 లీటర్లు. 500 అనుకుందాం. మన 20 లీటర్ల బకెట్‌లో 25 బకెట్లు. నిమిషానికి 6 లీటర్లు పోసే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే మూడు బకెట్లు అయిపోయినట్టే. ఇద్దరుంటే వారం, పొదుపుగా వాడితే పది రోజులు. అయిపోతే బోట్‌ని నడుపుకుంటూ వాటర్ పాయింట్ దగ్గరికి వెళ్లి, పైపు పెట్టి నింపుకోవాలి. స్పీడ్ లిమిట్ గంటకి 4 మైళ్లు, అంటే నడిచే మనిషి వేగం. లాకులు అడ్డొస్తే ఇంకా ఆలస్యం. ఎండాకాలం ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్‌లు పెట్టిన హైదరాబాద్ వాళ్లకి ఈ టెన్షన్ కొత్తేం కాదు. కాకపోతే ఇక్కడ ట్యాంకర్ మన దగ్గరికి రాదు, ఇల్లే ట్యాంకర్ దగ్గరికి వెళ్తుంది.

గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి. దానికి అనుమతి ఉంది. అందుకే పూరీలు వేయించిన నూనె సింక్‌లో పోయకూడదు. టాయిలెట్‌ది మాత్రం ఒక్క చుక్క కూడా కాలువలోకి వెళ్లకూడదు.

అందరూ కామెంట్స్‌లో సిగ్గుపడుతూ అడిగేది కూడా అదే. మూడు రకాలున్నాయి. క్యాసెట్ టాయిలెట్: కింద సూట్‌కేస్ లాంటి డబ్బా, సుమారు 20 లీటర్లు. ఇద్దరికి మూడు నాలుగు రోజుల్లో నిండుతుంది. దాన్ని మోసుకెళ్లి ఎల్సన్ పాయింట్ అనే చోట పారబోసి కడగాలి. నిండిన డబ్బా 20 కిలోల పైన ఉంటుంది, మంచు పడ్డ గట్టు మీద దాన్ని పట్టుకుని నడవడం ఊహించుకోండి. రెండోది పంప్ ఔట్: మంచం కిందో ఎక్కడో పెద్ద ట్యాంకు, వారాల తరబడి పట్టించుకోనక్కర్లేదు, నిండాక డబ్బు కట్టి మిషన్‌తో లాగించాలి. కాలువ గడ్డకట్టి బోట్ కదలకపోతే ఇక్కడే ఇబ్బంది, ట్యాంకు మీరు చెప్పినట్టు వినదు. మూడోది ద్రవం, ఘనం వేరుచేసే కంపోస్ట్ టాయిలెట్. వినడానికి బాగుంటుంది కానీ ఆ సంచుల్ని కాలువ ట్రస్ట్ వాళ్ల చెత్తడబ్బాల్లో వేయడానికి లేదు, సొంత ఏర్పాటు ఉండాలి. నన్నడిగితే క్యాసెట్, దానికి తోడు ఒక స్పేర్ డబ్బా. అసహ్యం మొదటి రెండుసార్లే ఉంటుంది.

కరెంటు దగ్గరికి వచ్చేసరికి మన ఇంజినీర్లకి ఇంట్రెస్ట్ వస్తుంది. బోట్‌లో 12 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ అయితే సగం కంటే కిందకి దింపితే త్వరగా పాడవుతుంది, కాబట్టి చేతికి వచ్చేది 600. మీ ల్యాప్‌టాప్ 60 వాట్లు, ఎనిమిది గంటల ఆఫీసు, 480 అక్కడే పోయింది. ఫ్రిజ్, లైట్లు, నీళ్ల పంపు, రౌటర్ ఇంకా లెక్కలోకి రాలేదు. అందుకే నాలుగైదు బ్యాటరీలు పెట్టుకుంటారు, లేదా ఖర్చెక్కువైనా లిథియంకి వెళ్తారు, అది చాలా కిందకి దించినా తట్టుకుంటుంది.

నింపడం ఎలా? ఎండాకాలంలో రూఫ్ మీద సోలార్ ప్యానెల్స్ హాయిగా సరిపోతాయి. యూట్యూబ్ వీడియోలన్నీ జూన్‌లో తీసినవే అని గుర్తుపెట్టుకోండి. డిసెంబర్‌లో అదే ప్యానెల్ ఇచ్చేది జూన్‌లో పదో వంతు దగ్గరికి పడిపోతుంది. అప్పుడు రోజూ డీజిల్ ఇంజిన్ ఆన్ చేసి ఆల్టర్నేటర్‌తో ఛార్జ్ చేయాలి. అదే ఇంజిన్ వేడితో స్నానానికి నీళ్లు కూడా కాగుతాయి, అదొక్కటే సుఖం. ఇంకా, గట్టున కట్టేసి ఉన్నప్పుడు రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజిన్ వేయకూడదు, పక్క బోట్ల వాళ్లు నిద్రపోవాలి కదా. స్టాండప్ కాల్ తొమ్మిదింటికి ఉంటే ఈ లెక్క ముందురోజే చూసుకోవాలి.

మన వంటింటి లెక్క చెప్తా. 750 వాట్ల మిక్సీ వేస్తే ఆ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 ఆంపియర్ల పైనే లాగుతుంది. పచ్చడికి రెండు నిమిషాలంటే పర్లేదు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మాత్రం మర్చిపోండి. మావాడు అన్నం, పప్పు గ్యాస్ మీద కుక్కర్‌లోనే వండేవాడు. ఇడ్లీ పిండి పొయ్యి పక్కన పెడితే జనవరిలో కూడా పులిసింది, అది మాత్రం ఫ్లాట్‌లో కంటే నయం.

గ్యాస్ విషయంలో ఒక చిన్న సైన్స్. మన ఇంటి సిలిండర్‌లో బ్యూటేన్, ప్రొపేన్ కలిపి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాకుండా ద్రవంగానే కూర్చుంటుంది, పొయ్యి వెలగదు. అందుకే అక్కడ చలికి ప్రొపేన్ సిలిండర్ వాడతారు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపు తీస్తే గుమ్మం మీదుగా కొంత పోతుంది. బోట్‌లో నేల నీటి మట్టానికి కింద ఉంటుంది, లీకైన గ్యాస్ అడుగున చేరి కూర్చుంటుంది, దారి లేదు. కాబట్టి సిలిండర్లు లోపల ఉండవు. బయట విడి అరలో పెడతారు, ఆ అర అడుగున రంధ్రం నీటి మట్టానికి పైన కాలువ వైపు తెరుచుకుంటుంది. సామాను పెట్టి ఆ రంధ్రం మూసేసిన బోట్ చూస్తే కొనొద్దు.

ఇంతకంటే సీరియస్ విషయం వెచ్చదనం. దయచేసి ఈ ముక్క స్కిప్ చేయొద్దు.

బోట్ మధ్యలో ఇనుప పొయ్యి ఉంటుంది. పొగ తక్కువ వచ్చే బొగ్గు, కట్టెలు వేస్తారు. రాత్రి గాలి తగ్గించి పెడితే పొద్దున దాకా కనకన ఉంటుంది, బయట మైనస్ రెండున్నా లోపల టీషర్ట్‌తో ఉండొచ్చు. కానీ గాలి తక్కువై సగం కాలే నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత. జలుబు చేసిందేమో అని దుప్పటి కప్పుకుని పడుకుంటారు, ఇక లేవరు. చిన్న స్టీల్ డబ్బా లాంటి ఇల్లు కాబట్టి గాలిలో అది పెరగడానికి ఎక్కువ టైమ్ పట్టదు. చలేస్తోందని గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కడం, ఆరిపోయిందనుకున్న బూడిద బకెట్ లోపల పెట్టుకోవడం, బార్బెక్యూ ట్రే లోపలికి తేవడం, ఈ మూడూ ప్రాణాలు తీసే పనులే. బూడిదలో నిప్పు కనపడకపోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి పడుకునే వసతి ఉన్న బోట్లకి ఈ అలారం తప్పనిసరి. అయినా బ్యాటరీ తీసేసి టీవీ రిమోట్‌లో వేసుకునే మనుషులు మనలో ఉన్నారు, నాకు తెలుసు. మావాడు రాత్రి పడుకునే ముందు పళ్లు తోముకుని, అలారం టెస్ట్ బటన్ నొక్కి, అప్పుడు లైట్ ఆర్పుతాడు. మూడు వారాలూ అదే ఆర్డర్.

తడి కూడా తక్కువ బాధ కాదు. కుక్కర్ నాలుగు విజిల్స్ వేస్తే కిటికీలన్నీ చెమటలు పడతాయి, అది కారి పరుపు కిందకి చేరితే బూజు. వెచ్చగా ఉంచుతూనే గాలి ఆడనివ్వాలి. రెండూ ఒకదానికొకటి పడవు, అలవాటు అవ్వాలి అంతే.

బోట్ ఒంటి సంగతి. ఎక్కువ బోట్లకి అడుగు 10 మిల్లీమీటర్ల స్టీల్, పక్కలు 6, పైన క్యాబిన్ 4. అది నీళ్లలో ఉంటే తుప్పు ఖాయం. రెండు మూడేళ్లకోసారి నీళ్లలోంచి పైకి తీసి, కడిగి, గీకి, తారు లాంటి నల్ల పూత వేయాలి. దాన్ని బ్లాకింగ్ అంటారు. స్టీల్‌కి బదులు తాము తినేయబడే మెగ్నీషియం దిమ్మలు కూడా వెల్డ్ చేస్తారు, అవి అరిగితే మార్చాలి. పాత బోట్ కొనేటప్పుడు సర్వే చేయించి స్టీల్ మందం కొలిపించండి. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు 4 మిల్లీమీటర్ల కంటే పలచబడితే ఒప్పుకోవు. సర్వే డబ్బులు మిగుల్చుకుందాం అనుకుంటే ఇల్లు మునిగే రిస్క్ మీది, మాటవరసకి కాదు, నిజంగానే.

మునగడం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఫ్యాన్‌కి ప్లాస్టిక్ సంచులు, తాళ్లు, పాత బట్టలు చుట్టుకుంటూ ఉంటాయి. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, వీడ్ హ్యాచ్ అనే మూత తీసి, చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టి కోసి తీయాలి. పని అయ్యాక ఆ మూత సరిగ్గా బిగించకుండా ఇంజిన్ వేస్తే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. లాకులో కిందకి దిగేటప్పుడు కూడా అంతే. పై గేటు దగ్గర నీళ్ల కింద అరుగు ఉంటుంది. బోట్ వెనక భాగం దాని మీద ఇరుక్కుంటే, నీళ్లు దిగిపోతూ ఉంటే, ముందు వైపు ఒరిగిపోతుంది. ముందుకి జరిగి ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. వీడియో తర్వాత తీసుకోవచ్చు, ఇది చెప్పేది వీడియోలు తీసేవాడు.

చివరిగా రూల్స్. రెంట్ మాట ఇక్కడే తేలుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్కువ కాలువల్ని కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూస్తుంది. వాళ్ల లైసెన్సు కావాలి, దానికి ఇన్సూరెన్సు, నాలుగేళ్లకోసారి సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి. బోట్‌కి సొంత పార్కింగ్, అంటే హోమ్ మూరింగ్, తీసుకుంటే దానికి విడిగా అద్దె. లండన్‌లో అది దొరకడమే కష్టం, పైగా ఏడాది పొడవునా ఉండనిచ్చేవి ఇంకా తక్కువ. అది లేకపోతే 1995 నాటి చట్టం ప్రకారం ఒక చోట 14 రోజులకి మించి ఉండకూడదు. వంద మీటర్లు జరిపి మళ్లీ కట్టేస్తే కుదరదు, వేరే చోటికి వెళ్లాలి. ఏడాది మొత్తం మీద 20 మైళ్ల పరిధి కూడా తిరగకపోతే ట్రస్ట్ ఒప్పుకోవడం కష్టం. ఒప్పుకోకపోతే లైసెన్సు ఆగుతుంది, ఆ తర్వాత బోట్‌నే తొలగించే అధికారం వాళ్లకుంది. అది మీ ఇల్లే అయినా సరే. 2024 నుంచి ఇలా తిరిగే బోట్లకి లైసెన్సు మీద అదనపు ఫీజు కూడా మొదలైంది.

కాబట్టి వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఆలోచించండి, రెండు వారాలకోసారి మీ స్టేషన్ మారుతుంది. మామూలు హోమ్ లోన్ బోట్‌కి రాదు. కింద భూమి లేదు కాబట్టి ఫ్లాట్‌లా రేటు పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఫేస్‌బుక్‌లో "బోట్ అద్దెకి, తక్కువ రేటు" అని కనిపిస్తే అడ్వాన్స్ పంపకముందే లైసెన్సు ఏ రకమో అడగండి. మామూలు ప్రైవేట్ లైసెన్సు మీద బోట్ అద్దెకివ్వడానికి లేదు, తేడా వస్తే సామానుతో గట్టు మీద నిలబడేది మీరే.

ఇవన్నీ విన్నాక కూడా మనసు లాగుతోందా? లాగితే తప్పు లేదు, నాకూ లాగుతోంది. పొద్దున్నే కిటికీ పక్కన బాతులు, చేతిలో టీ, అది నిజంగానే బాగుంటుంది. శీతాకాలంలో కూడా బోట్లు అద్దెకిచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి. జూన్‌లో కాదు, ఫిబ్రవరిలో ఒక వారం తీసుకోండి. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి ఆఫీసు పని అక్కడి నుంచే చేయండి, క్యాసెట్ మీరే పారబోయండి, నీళ్లు మీరే నింపండి. ఆ వారం ఖర్చు బోట్ రేటు ముందు ఏ మూలకీ రాదు. వచ్చే ఎపిసోడ్‌లో బ్యాటరీ, సోలార్ వైరింగ్ బొమ్మ గీసి చూపిస్తా, మీ బోట్ ప్రశ్నలు కింద రాయండి. ఉంటా మరి.