మీకు తెలుసా? లక్ష దాటిన కారుకు ధర కట్టడం

◆ ఒకే మోడలు, ఒకే ఏడాది కార్లు రెండు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకదాని మీటరు 98,600 చూపిస్తోంది, రెండోది 1,01,200. తేడా 2,600 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతికి రెండు మూడుసార్లు వెళ్లొస్తే అంత తిరుగుతుంది. బేరం దగ్గరికొచ్చేసరికి మాత్రం మొదటిది ‘లక్ష లోపు బండి’, రెండోది ‘లక్ష దాటిన బండి’. ఈ అంకెల మాయ మనకే పరిమితం కాదు. లాసెటెరా, పోప్, సిడ్నర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలో 2 కోట్లకు పైగా పాత కార్ల టోకు అమ్మకాలను జల్లెడ పట్టి 2012లో ఒక పత్రం ప్రచురించారు. మైళ్లు పెరిగేకొద్దీ ధర మెల్లగా దిగుతూ వచ్చి, ప్రతి 10 వేల మైళ్ల గీత దగ్గరా ఒక్కసారిగా 150 నుంచి 200 డాలర్లు పడిపోతోందని తేల్చారు. ఆ గీత దాటకముందే వదిలించుకోవాలని అమ్మేవాళ్లు తొందరపడుతున్నట్టు కూడా కనిపించింది. ఇంజినుకు లెక్కలు రావు కాబట్టి కొనేవాడికి ఇందులో లాభమే. లక్ష కాస్త దాటిన బండి కావాలని అడగండి. ధర తగ్గుతుంది, సరుకు అదే.

◆ కిలోమీటర్లన్నీ ఒక్కలాంటివి కావు. గంటకు సగటున 60 కిలోమీటర్ల వేగంతో హైవే మీద లక్ష తిరిగిన ఇంజిన్ పనిచేసింది సుమారు 1,670 గంటలు. అదే లక్షను నగరంలో 20 సగటున తిరిగితే 5,000 గంటలు. మూడు రెట్లు! క్లచ్ తొక్కుళ్లు, బ్రేకులు, గుంతలు అదనం. ఈ లెక్కన విజయవాడ హైవే మీద 1,50,000 తిరిగిన ఇంజిన్ వయసు 2,500 గంటలు. అమీర్‌పేట, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో నలుగుతూ 70,000 తిరిగినది 3,500 గంటలు నడిచింది. బజారులో మాత్రం రెండోదానికే ఎక్కువ ధర పలుకుతుంది. ఎంత తిరిగింది అని అడిగి ఊరుకోకుండా ఎక్కడ తిరిగింది అని కూడా అడగాలి. యజమాని ఉద్యోగం, ఇల్లు ఎక్కడో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

◆ పదేళ్ల బండి పాతికవేలే తిరిగిందంటే మురిసిపోకండి. బ్రేక్ ఆయిల్ నడిపినా నడపకపోయినా తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాలు, సీళ్లు, టైర్లు నిలబెట్టినచోటే గట్టిపడతాయి. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి చూడండి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడులు కొత్తగా మెరుస్తున్నా సరే, అంత పాత టైరును కొత్తదిగా లెక్కేయడానికి వీల్లేదు.

◆ న్యూయార్క్ రాష్ట్రంలో ఇర్వ్ గోర్డన్ అనే బడిపంతులు 1966లో ఒక వోల్వో పీ1800 కొన్నారు. 2013లో దాని మీటరు 30 లక్షల మైళ్లు దాటింది, అంటే 48 లక్షల కిలోమీటర్లు. మన ‘లక్ష దాటింది’ అన్న భయానికి అంతకంటే జవాబు ఏం కావాలి!

◆ మీటరు వెనక్కి తిప్పడం చాలా దేశాల్లో ఉన్న విద్యే. అమెరికాలో ఏటా 4.5 లక్షలకు పైగా వాహనాలు తప్పుడు రీడింగుతో చేతులు మారుతున్నాయని అక్కడి రోడ్డు భద్రత సంస్థ అంచనా. బెల్జియంలో 2006 నుంచి పాత కారు అమ్మాలంటే దాని కిలోమీటర్ల చరిత్రతో ‘కార్‌పాస్’ అనే పత్రం ఇవ్వడం తప్పనిసరి. మనకు అంతటి ఏర్పాటు లేదుగానీ, షోరూంలో సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు మీద రీడింగు ఎక్కుతుంది. ‘షోరూం ట్రాక్ సార్’ అన్న మాటను వినేసి తలాడించకుండా, యజమానిని వెంటబెట్టుకుని ఆ చరిత్ర తీయించండి. 2021లో 1,40,000 అని నమోదైన బండి ఈరోజు 92,000 చూపిస్తుంటే ఇక అడగాల్సిందేమీ లేదు. కాగితాలు దొరకకపోతే పెడళ్ల రబ్బరు, స్టీరింగు నునుపు, డ్రైవరు సీటు అంచు చూడండి. 40 వేలు తిరిగిన బండికి క్లచ్ పెడల్ అరిగి నున్నబడదు.

◆ ‘ఇన్సూరెన్స్ వాళ్లే మూడు లక్షలు విలువ కట్టారు’ అని అమ్మేవాళ్లు పాలసీ కాగితం ముందు పెడతారు. అందులో ఐడీవీ అని రాసి ఉండే ఆ విలువ లెక్కలో కిలోమీటర్లకు చోటే లేదు. మోటారు టారిఫ్ పట్టిక వయసునొక్కదాన్నే చూస్తుంది: ఏడాది నుంచి రెండేళ్ల బండికి 20 శాతం తరుగు, నాలుగు నుంచి ఐదేళ్ల బండికి 50 శాతం. ఐదేళ్లు దాటాక పట్టికే లేదు, కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. 30 వేలు తిరిగినదానికీ 2 లక్షలు తిరిగినదానికీ ఒకే ఐడీవీ ఉండొచ్చు. పాత కారు బేరంలో ఆ కాగితాన్ని పక్కన పెట్టేయండి.

◆ ఏపీ 09 నంబరు కారు హైదరాబాద్‌లో కనిపిస్తే దాని వయసు ఎవర్నీ అడగక్కర్లేదు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ వరుస వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ నడుస్తోంది. అంటే ఏపీ 09 బండ్లన్నీ 2014కు ముందువో, ఆ ఏడాది మొదటి సగానివో. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. 2012 మార్చి బండికి 2027 మార్చితో గడువు తీరుతుంది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, 5,000 రూపాయలు ఫీజు కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటితే ఆ ఫీజు 10,000కు పెరుగుతుంది. సి-బుక్కులో ఇంకెన్ని నెలలు మిగిలాయో కిలోమీటర్ల కంటే ముందు చూడాల్సిన అంకె. తయారైన నెల, రిజిస్టరైన తేదీ రెండూ అందులోనే ఉంటాయి. డిసెంబరులో తయారై జనవరిలో రిజిస్టరైన బండిని కొత్త ఏడాది మోడలని చెప్పి అమ్మడం పాత అలవాటే.

◆ ‘ఢిల్లీ బండి’ ఎందుకంత చౌక? పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. 2025లో కోర్టులో అది మళ్లీ మలుపులు తిరిగింది. అక్కడ వదిలించుకోవాలనుకునే బండ్లు దక్షిణాదికి దిగుతాయి. తెచ్చుకున్నాక ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు అన్నీ మీ నెత్తినే పడతాయి. ఇవి కూడితే చౌక చాలావరకు ఆవిరైపోతుంది. బేరానికి ముందే ఆర్టీఓ దగ్గర ట్యాక్సు ఎంతో కనుక్కోవాలి.

◆ స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో. మూడు కంపెనీల ఈ కార్లలో చాలా డీజిల్ రకాలకు పెట్టింది ఒకే ఫియట్ 1.3 లీటర్ల ఇంజిన్ కుటుంబం. పాతబజారులో మాత్రం మారుతి ధర మారుతిదే, ఫియట్ ధర ఫియట్‌దే. షెవర్లే 2017తో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. వాటి ధరలూ దిగాయి. దగ్గర్లో ఆ బండి తెలిసిన మెకానిక్ ఉన్నవాళ్లకు ఈ పడిపోయిన ధర వరమే. లేనివాళ్లు మారుతికి ఎక్కువ పెట్టడంలో తప్పులేదు. ఆ అదనపు డబ్బు కట్టేది విడిభాగం ఊళ్లోనే దొరుకుతుందన్న భరోసాకు.

◆ పాత కార్ల బజారు మీద రాసిన పత్రానికి నోబెల్ వచ్చింది. రాసింది జార్జ్ అకెర్లాఫ్. మూడు పత్రికలు తిప్పి పంపాక 1970లో అచ్చయింది, 2001లో మరో ఇద్దరితో కలిసి బహుమతి అందుకున్నారు. ఆయన వాదన ఇదీ: బండి సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు దేనికైనా నడిమి ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. చెత్త బండి యజమాని సంతోషంగా తెస్తాడు. బజారులో చెత్త పెరిగి, నడిమి ధర ఇంకా పడుతుంది. అదే పత్రంలో మన దేశపు వడ్డీ వ్యాపారుల ప్రస్తావన కూడా ఉంది. ఇది చదివాక నాకు తోచిందేమిటంటే, మంచి బండి పాత కార్ల కన్సల్టెన్సీ దాకా రాకముందే బంధువులో, ఆఫీసులో పక్క సీటాయనో కొనేస్తారు. మీకూ అలాంటిది కావాలంటే ముందు తెలిసినవాళ్లలో వాకబు చేయండి. అమ్మేవాళ్లయితే సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టి చూపించండి. నడిమి ధరకు పైన అడిగే హక్కు ఆ ఫైలుతోనే వస్తుంది.

◆ ఇక అసలు లెక్క. 2013 డీజిల్ కారు, 1,60,000 తిరిగింది. అదే మోడలు, అదే ఏడాది, అదే ఊళ్లో పలుకుతున్న ధర మూడు లక్షలనుకుందాం. ప్రకటనలో కనిపించేది అడిగే ధరే, ఈ మూడు లక్షలు దానికి కింద తెగే ధర. మీ మెకానిక్ చూసి చిట్టా ఇచ్చాడు: టైర్లు 20 వేలు, క్లచ్ 15 వేలు, సస్పెన్షన్ 18 వేలు, బ్యాటరీ 6 వేలు. మొత్తం 59 వేలు. అంతా తగ్గించమంటే అమ్మేవాడు లేచిపోతాడు, అతని కోపం న్యాయమే. 1,60,000 తిరిగిన బండికి టైర్లు, బ్యాటరీ సగం అరిగి ఉంటాయని ఆ మూడు లక్షల్లో ముందే లెక్క కలిసి ఉంది. కాబట్టి వాటికి సగమే, 13 వేలు తీయండి. జారుతున్న క్లచ్, కొట్టుకుంటున్న సస్పెన్షన్ ఈ బండికే ఉన్న జబ్బులు కాబట్టి 33 వేలూ పూర్తిగా తీయాల్సిందే. మిగిలింది 2,54,000. 2,40,000 దగ్గర మొదలుపెట్టి 2,54,000కు చేరితే ఇద్దరికీ న్యాయం జరిగినట్టే.

దీనికి తిరగేసిన వాదన కూడా వింటారు: ‘పోయిన నెలే నలభై వేలు పెట్టి పని చేయించా’. మంచిదే. ఆ బిల్లు ధరను పెంచదు, తగ్గించాల్సిన పనిని తప్పిస్తుందంతే. టైమింగ్ బెల్టు సంగతి మాత్రం గట్టిగా అడగాలి. కొన్ని ఇంజిన్లకు చైను ఉంటుంది, కొన్నింటికి బెల్టు. బెల్టు నడకలో తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్చాల్సిన గడువు దాటినా బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేయాల్సిందే.

ఇంజిన్ పొగ వదులుతుంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. ముందే వేడి చేసి పెట్టిన బండిని చూడకండి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించండి. ఆయిల్ మూత తీస్తే ఆవిరి ఎగదన్నుతూ బ్యాక్ కంప్రెషన్ కొడుతున్నా, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తున్నా బేరం వదిలేసి రండి.

◆ చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం, పైన సెస్సు నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది చౌకైతే పాతదీ దిగాలి. ఆ తేదీకి ముందు ఫలానా బండి ఇంతకు పోయిందని ఎవరైనా చెబితే ఆ రేటు ఇప్పుడు చెల్లదు. ధరకు అట్టడుగు కూడా ఒకటుంది: కేంద్రం తుక్కు విధానం ప్రకారం పాత బండికి తుక్కు విలువ కొత్తదాని ఎక్స్‌షోరూం ధరలో సుమారు 4 నుంచి 6 శాతం.

◆ పాత బండికి చిన్న ప్రమాదమే పెద్దది. బాగుచేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టం కింద లెక్కేస్తుంది. 1,50,000 ఐడీవీ ఉన్న కారుకు 1,12,500 దాటితే చాలు. అలాంటి బండ్లు, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ వరదల్లాంటి వాటిలో మునిగినవి బాగుచేయించుకుని మళ్లీ బజారుకు రావొచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద మరక ఉంటే సగం ధరకిచ్చినా వద్దు.

◆ డబ్బిచ్చి తాళాలు తీసుకున్నంత మాత్రాన బండి మీదైపోదు. ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, ఇది అమ్మేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి. పేరు మార్పునకు కొన్నవాళ్లకు 30 రోజులు గడువుంది. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది కాబట్టి ఆ మేరకు ప్రీమియం పెరుగుతుంది, దాన్నీ ధరలో చూసుకోండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా, పెండింగు చలాన్లు తీరేదాకా ధరలో కొంత సొమ్ము మీ దగ్గరే ఆపుకోండి.